మునెమ్మ ఎక్కడున్నా గేటు దగ్గరికి రావలెను

నా తెలివితక్కువతనం గురించి ఇంకొకరు చెప్పేలోగా నేనే చెప్పేసుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. ఒకానొక వేసవిలో, నిండా మామిడికాయలతో నిలబడ్డ ట్రాక్టర్ల వరుసను నేనొక్కడినే, ఒక్క చేత్తో, ఆ చేతికింద ఒక మౌసుతో, సర్వనాశనం చేశాను. తుఫాను చేయలేని పని అది. తుఫానుకు ఎంసీఏ లేదు కదా.

ఇదంతా చదివాక నేను క్షమాపణ చెబుతానని మాత్రం ఎదురు చూడకండి. తప్పు నాదే, ఒప్పుకుంటాను. తలవంచడం వేరే సంగతి. నేను తలవంచితే మీకు నా బట్టతల కనబడటం తప్ప వేరే లాభం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. తిరుపతిలో ఎంసీఏ ముగించి, అక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో జావా పాఠాలు చెబుతుండేవాణ్ణి. రాగి జావ తాగి పెరిగినవాడు జావా చెప్పి బతుకుతున్నాడని మా చెంగల్రాయ మామకు చెప్పలేనంత గర్వం. ఆయన మా అమ్మకు తమ్ముడు. వడమాలపేట దగ్గర తోతాపురి తోట ఉంది. ఏడాదికి ఒకే కాపు. ఆ కాపంతా ఎండాకాలం చివర్లో కోసి, ట్రాక్టర్‌కెత్తి, పుత్తూరు దారిలో ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి. నిలబడటం అంటే మీరూ నేనూ సినిమా టికెట్‌కు నిలబడటం కాదు. రోడ్డు పొడుగునా ఒకదాని వెనుక ఒకటి ట్రాక్టర్లు. ముందు బండి ఒక అడుగు జరిగితే వెనుకవాళ్ళందరూ ఇంజన్ వేసి ఒక అడుగు జరగాలి. రైతు బండి దిగి పక్కకు పోతే ఆ సందులో ఇంకొకడు దూరేస్తాడు. అందుకని తిండీ నిద్రా అన్నీ ట్రాలీ కిందే. ఆ ఎండకు కాయ మెత్తబడి, ఫ్యాక్టరీలో తీయాల్సిన రసం రోడ్డు మీదే కారడం మొదలయ్యేది. ఆలస్యం అమృతం విషం అంటారు. మా వైపు ఆలస్యం తోతాపురి గుజ్జు.

వరుస చూసుకునేది గేటు కాపలాదారు దొరస్వామి. వచ్చిన బండి మడ్‌గార్డు మీద సుద్దముక్కతో నంబరు వేస్తాడు. ఆ సుద్దముక్కను చెవి మీద పెట్టుకుని, కలెక్టరు పెన్ను పెట్టుకున్నట్టు తిరిగేవాడు.

ఆ ఏడు మా మామ ఉండబట్టలేక ఫ్యాక్టరీ మేనేజర్ భక్తవత్సలం గారికి నా గురించి చెప్పేశాడు. "మా అల్లుడుండాడు సార్ తిరుపతిలో. ఈ సుద్దముక్కలూ ఈ ఎండా లేకుండా కంప్యూటర్తో ఏమన్నా సేస్తాడు. మాట నాది." కంప్యూటర్ నాది, మాట ఆయనది. పూచీ పడ్డవాడి బండి కూడా అదే వరుసలో నిలబడుతుందన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

భక్తవత్సలం గారు నన్ను కూర్చోబెట్టి అడిగారు. "ఏం సేస్తావప్పా నువ్వు?"

"రైతులు ఎండలో నిలబడే పనే ఉండదు సార్. వచ్చిన బండి పేరు కంప్యూటర్లో ఎక్కిస్తాం. బండిని ఎదురుగా చింతతోపు నీడలో ఎక్కడైనా పెట్టుకోమందాం. వంతు వచ్చినప్పుడు మైకులో పిలుస్తాం."

"వరుస తప్పితే? ఈడ కొట్టుకుంటారు."

"కంప్యూటర్ తప్పదు సార్."

ఈ మూడు ముక్కలు మీరు కాస్త గుర్తు పెట్టుకోండి. నేను మరిచిపోదామని ఎన్నో ఏళ్ళు ప్రయత్నించాను, పుత్తూరు బస్సెక్కినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

పని చాలా చిన్నది. ఎక్సెల్ షీటులో ఒక్కో వరుసకు ఒక్కో బండి: రైతు పేరు, ఊరు, చివరి గడిలో ఒక గుర్తు. కాయలు దింపేసిన బండికి ఆ గడిలో 'దిగింది' అని కొడతారు. సాయంత్రం దిగిన వరుసలన్నీ తీసేసి, మిగిలినవి మరుసటి రోజుకు అచ్చు వేయాలి. దీన్ని బుద్ధి ఉన్నవాడు చేత్తో చేసేస్తాడు. కానీ చేత్తో చేసే పనికి ఎంసీఏ ఎందుకు? ప్రోగ్రాం రాయాలి. షీటులోని వరుసలను ప్రోగ్రాం నుంచే తీసి వేయడానికి ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టిన ఉచిత లైబ్రరీ ఒకటి నెట్ సెంటర్లో దించుకుని, ఫ్లాపీలో పెట్టుకుని బయలుదేరాను.

"ఏందిరా అది?" అన్నాడు మామ.

"లైబ్రరీ మామా."

ఆయన ఫ్లాపీని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "మళ్ళీ ఎప్పుడు తిరిగియ్యల్ల?"

కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని ఒక సామెత ఉంది. మా సీమలో గోదారి లేదు కనుక, నేను మౌసు తోక పట్టుకుని స్వర్ణముఖి ఈదబోయాను. అందులో నీళ్ళుండవు కాబట్టి మునగలేదు. బోర్లా పడ్డాను.

మొదటి పాటు పరీక్ష రోజే. మేనేజర్ గారి ముందు, మొదటి బండికి 'దిగింది' అని కొట్టి, ప్రోగ్రాం నడిపాను. ప్రింటర్ కాసేపు మూలిగి ఒక కాగితం కక్కింది. పైన అందమైన శీర్షిక. కింద ఏమీ లేదు.

"బాగుండాది," అన్నారు భక్తవత్సలం గారు కాగితాన్ని వెలుతురుకు పట్టి. "బండ్లు యాడికి పోయినాయి?"

విషయం ఏమిటంటే, ఆ లైబ్రరీలో 'వరుస తీసేయి' అని చెబితే, వరుసలో ఉన్నది చెరిపేస్తుంది గానీ ఆ చోటు అట్లాగే ఖాళీగా ఉంచుతుంది. భోజనాల బంతిలో ఒకరు తిని లేచిపోతే విస్తరాకు ఎత్తేశారు, పక్కవాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే, అన్నట్టు. నేనేమో నా ప్రోగ్రాంకు, ఖాళీ చోటు కనబడితే అక్కడితో బంతి అయిపోయిందనుకో అని నేర్పాను. అది మొదటి ఖాళీ విస్తరి దగ్గరే సాంబారు బకెట్టు పట్టుకుని వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళందరూ పస్తు.

కారణం కనిపెట్టేసరికి నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఒక వరుస తీయగానే, దాని కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు పైకి లాగమని ఇంకో ముక్క రాశాను. మళ్ళీ ఒక బండి తీసి చూశాను. పట్టిక చక్కగా వచ్చింది. మేనేజర్ గారు టీ తెప్పించారు. దొరస్వామి చెవి మీది సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నాడు. ఆ జేబులో వేసుకోవడంలో ఒక శాపం ఉందని నాకు అప్పుడు తెలియలేదు.

ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందంటారు. ఆ సామెత చెప్పినవాడు జన్మలో ప్రోగ్రాం రాసి ఉండడు. నేను ఒక్క బండి తీసి చూశాను. రెండు బండ్లు పక్కపక్కనే దిగి ఉంటే ఏమవుతుందో చూడలేదు.

ట్రాక్టర్లన్నీ రోడ్డు వదిలి చింతతోపులో చేరాయి. రైతులు నీడలో తువ్వాళ్ళు పరుచుకుని, "ఎవురు పెట్టినారబ్బా ఈ ఏర్పాటు, సల్లగుండ" అని నన్ను దీవించారు. మొదటి రోజు బోలెడు బండ్లు దిగాయి. సాయంత్రం ప్రోగ్రాం నడిచింది, పట్టిక వచ్చింది. కాగితం పొదుపని ఆ చివరి గుర్తు గడిని అచ్చులో నేనే తీసేశాను. పొదుపులో కూడా నాకు సాటి లేదు.

మరునాడు పొద్దున ఇస్త్రీ చొక్కా లోపలికి దోపి, మైకు నేనే పట్టుకున్నాను.

"మొదటి బండి. నగరి మునెమ్మ. ఎక్కడున్నా గేటు దగ్గరికి రావలెను."

ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాను. తోపులో ఒకరినొకరు చూసుకున్నారు. గౌరవం తక్కువై రాలేదేమోనని "శ్రీమతి మునెమ్మ గారు" అన్నాను. అప్పటికీ రాలేదు.

మామ తోపులో నుంచి లేచి వచ్చాడు. "రేయ్ గిరీ, మునెమ్మ నిన్ననే దింపేసి ఊరికి పాయె గదరా. నా కండ్ల ముందరే కాటా వేసినారు."

వెనకాల నిలబడ్డ భక్తవత్సలం గారు నా వైపు చూశారు. "దింపేసి ఉంటే పట్టికలో ఎట్టుంటాది? కంప్యూటర్ తప్పుతాదా?"

పాఠకులారా, దేవుడు మనిషికి తప్పించుకునే దారి ఒకసారి చూపిస్తాడు. నేను ఆ దారి చూశాను. చూసి, చొక్కా సర్దుకుని, "తప్పదు సార్" అన్నాను.

"అయితే ఆమె వచ్చిందాకా ఇంకో బండి లోపలికి పోకూడదు. వరుస అంటే వరుస. పిలువు."

పిలిచాను. ఇడ్లీ వేళ దాటి ఎండెక్కేదాకా పిలిచాను. గేటు మూసే ఉంది. లోపల యంత్రాలు ఖాళీగా తిరుగుతున్నాయి, బయట కాయలు ఖాళీ లేకుండా పండుతున్నాయి. తోపులో కొత్త భక్తి ఒకటి పుట్టింది. ఒకడు గేటుకు కర్పూరం వెలిగిస్తానన్నాడు. ఇంకొకడు, "మునెమ్మ తల్లి కరుణిస్తే గానీ తలుపు తెరవదంటప్పా, పొంగలి పెట్టండి" అన్నాడు. మా మామ మాత్రం నవ్వలేదు. ట్రాలీలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి నొక్కి చూశాడు. వేలు దిగింది. ఆ వేలు నాకు చూపించాడు.

"ఏడాది కాపు ఇది. రేపటిదాకా ఈడే ఉంటే జ్యూస్ ఫ్యాక్టరీకి కాదు, సారా బట్టీకి తోలాల. నీ గురించి మాటిచ్చినోణ్ణి నేనే గదా."

ఆ మాటకు కూడా నేను కరగలేదు. నా ధోరణి అలాంటిది. ఇంకా గట్టిగా, ఇంకా స్పష్టంగా మునెమ్మను పిలిచాను.

చివరికి మునెమ్మ వచ్చింది. నగరికి పోయిన బస్సువాడెవడో చెప్పాడట, జ్యూస్ ఫ్యాక్టరీ దగ్గర పొద్దుటి నుంచి నీ పేరే మోగుతోందని. మిట్టమధ్యాహ్నం, నోట్లో వక్కాకుతో, పొట్లాటకు సిద్ధమైన నడకతో దిగింది.

"ఎవుర్రా నా పేరు మైకులో అరస్తా ఉండేది?"

"మీ కాయలు దింపాలమ్మా," అన్నాను, మైకు ఆపడం మరిచిపోయి.

"నిన్న దింపినా గదా."

"మళ్ళీ పేరొచ్చింది."

"అంటే నా కాయిలకు మళ్ళీ ఒగతూరి డబ్బులిస్తారా? దానికే వచ్చినా."

ఇదంతా మైకులో తోపు మొత్తం వింది. తరువాతి పేరు చూశాం. వాడూ నిన్న దింపినవాడే. దాని తరువాతిదీ. నిన్న దిగిన బండ్లలో సగం పోయాయి, సగం పట్టికలో చక్కగా కూర్చుని ఉన్నాయి, ఒకటి విడిచి ఒకటి, పంటి డాక్టరు పీకి వదిలేసిన పళ్ళ వరసలాగా.

ఇక కంప్యూటర్ మాట ఎవరు వింటారు? తోపులోని ట్రాక్టర్లన్నీ ఒక్కసారిగా ఇంజన్లు వేసి గేటు మీదికి వచ్చాయి. ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. నేను ఇంటా గెలవలేదు, రచ్చ మాత్రం చేశాను. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి దేశమంతా పుత్తూరు వస్తుంది. అంత దగ్గరలో నా పరువు విరిగి పడింది, దానికి కట్టు కట్టేవాడు అక్కడ కూడా లేడు.

భక్తవత్సలం గారు నా చేతిలో మైకు లాక్కున్నారు. "పో. నువ్వే పోయి రోడ్డు మీద వరుస కట్టించి, మడ్‌గార్డుల మీద నంబర్లు వెయ్యి. ముందు నించి ఎనక్కి. ఒక్కటి తప్పినావంటే నిన్నే యంత్రంలో వేసి రసం తీపిస్తా."

దొరస్వామి జేబులోంచి సుద్దముక్క తీసి, నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. తీర్థం ఇచ్చినట్టు. తిట్టి ఉంటే బాగుండేది.

అరిచి, బతిమాలి, ఎట్లాగో ఒక వరుస నిలబెట్టాం. గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ నంబర్లు వేస్తున్నాను. ఒకటి. రెండు. మూడో బండి మడ్‌గార్డుకు మట్టి పట్టి ఉంటే, వంగి తువ్వాలుతో తుడిచి మూడు వేశాను. నేను వంగి ఉండగానే గేటు తెరిచారు. మొదటి బండి లోపలికి పోయింది. మిగతావన్నీ ఒక్కో బండి పొడుగు ముందుకు జరిగాయి. నేను లేచి, ఒక బండి పొడుగు వెనక్కి నడిచి, ఎదురుగా ఉన్న బండికి నాలుగు వేశాను.

"రేయ్ గిరీ." నా వెనక నుంచి మామ గొంతు. "సొంత మేనమామనే దాటేసి పోతావా? నాది గదరా నాలుగు."

తిరిగి చూశాను. మామ బండి నాలుగోదే. నేను వంగి ఉన్నప్పుడు ముందుకు జరిగి, నేను నిలబడ్డ చోటికే వచ్చి నా పక్కనే ఆగింది. నేను దాన్ని చూడకుండా తరువాతి చోటికి నడిచేశాను.

"ఏందిరా అట్ట నిలబడిపోయినావు? దెయ్యం పట్టినాదా?"

"మామా," అన్నాను. "మునెమ్మ కూడా ఇట్నే జరిగింది."

"యాడికి జరిగింది? గేటు కాడ బెంచీ మీద కూర్చోనుండాది, బస్సు చార్జీ ఇస్తే గానీ లెయ్యనని."

ఆయనకు ఎక్కడ చెప్పను? నా ప్రోగ్రాం కూడా సుద్దముక్క పట్టుకుని పైనుంచి కిందికి నడిచింది. ఒక వరుస తీసింది. కిందివన్నీ పైకి జరిగాయి. మునెమ్మ ఒక మెట్టెక్కి, సరిగ్గా ప్రోగ్రాం నిలబడ్డ చోటికి వచ్చి, పక్కనే నిలబడింది. ప్రోగ్రాం ఆమెను పలకరించకుండా తరువాతి అంకెకు పోయింది. జరగమని చెప్పిందీ నేనే, జరిగినవాళ్ళను చూడకుండా పొమ్మన్నదీ నేనే.

మరి కింద నుంచి పైకి వస్తే? ఒకటి తీసినా, జరిగేవి దాని కిందివి మాత్రమే. అవన్నీ నేను చూసేసినవే. పైనున్నవి కదలకుండా నా కోసం ఎదురు చూస్తుంటాయి.

సుద్దముక్క మామ చేతిలో పెట్టి ఆఫీసు గదికి పరుగెత్తాను. "నంబర్లెవురు ఎయ్యల్ల?" అని ఆయన వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు. మార్చింది ఒక్క వాక్యం. పై నుంచి కిందికి అన్న చోట కింద నుంచి పైకి. నడిపాను. ప్రింటర్ మూలిగింది. కాగితం మీద మునెమ్మ లేదు. నిన్న దింపినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈసారి ఒక్క మెతుకుతో ఆగకుండా కుండ మొత్తం కలియబెట్టి చూశాను. వచ్చిన క్రమంలో, ఉన్నవాళ్ళు ఉన్నట్టు ఉన్నారు. మొదట ఇప్పుడే లోపలికి పోయిన బండి, దాని తరువాత మా మామ. గేటు దగ్గరి తోపులాటలో నాలుగో చోటు దొరికింది గానీ, మొన్న వచ్చిన వరుస ప్రకారం ఆయనది రెండో వంతే.

కాగితం పట్టుకుని లేవబోతుంటే భక్తవత్సలం గారు లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశారు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"కుదిరిందా అప్పా?"

"కుదిరింది సార్."

"మంచిది. మా బావమరిది బండి ఇప్పుడే వచ్చినాది. రెండోదాని పైన ఒక వరుస పెట్టి వాని పేరు రాసెయ్. కంప్యూటర్లో ఉంటే ఎవురూ నోరెత్తరు."

ఎండలో నిలబడ్డ బండ్లన్నీ కిటికీలోంచి కనబడుతున్నాయి. మా మామ నా సుద్దముక్కతో తన బండికి తనే నంబరు వేసుకుంటున్నాడు. ఆ సాయంత్రంలోగా ఆయన కాయ లోపలికి పోకపోతే పోయేది ఏడాది కాపు.

మీకు మాత్రం నిజం చెబుతాను. నడుమ వరుస చేర్చడం ఆ లైబ్రరీలో చాలా సులువు. కిందివాటిని ఒక మెట్టు దించి, ఖాళీ చోట పేరు రాయడమే. కళ్ళు మూసుకుని చేయొచ్చు.

"కాదు సార్," అన్నాను.

"ఏం కాదు?"

"ఈ లైబ్రరీ వరుసలు తీసేదానికి ఒప్పుకుంటుంది గానీ, నడుమ దూర్చేదానికి ఒప్పుకోదు. దూర్చినామంటే కిందివన్నీ జరుగుతాయి. జరిగితే ఏమైతుందో పొద్దున సూసినారు గదా."

"ఒక్క పేరు గదప్పా."

"పొద్దున కూడా ఒక్క పేరే సార్. మునెమ్మ. ఆమె ఇంకా పోలేదు, గేటు దగ్గరే ఉండాది."

ఆయన కిటికీలోంచి చూశారు. మునెమ్మ వక్కాకు ఉమ్మి ఇటే చూస్తోంది. భక్తవత్సలం గారు కిటికీకి కాస్త పక్కకు జరిగారు.

"పోనీ చేత్తో రాసెయ్."

"చేత్తో రాస్తే దొరస్వామే రాస్తాడు సార్. అప్పుడు కంప్యూటర్ చెప్పిందని మనం అనలేము."

నేను అబద్ధం ఆడుతున్నానని ఆయనకు అనుమానం. కానీ ఒక చిక్కు ఉంది. పొద్దుటి నుంచి నేను చూపించిన తెలివితక్కువతనం తరువాత, నాకు ఏదైనా చేతకాదంటే నమ్మని మనిషి ఆ జిల్లాలోనే లేడు. సంపాదించిన చెడ్డపేరును అంత లాభానికి అమ్మినవాణ్ణి నేనొక్కడినే అయి ఉంటాను.

"మరి వాని పేరు యాడ పెడతావు?"

"అడుగున సార్. అడుగున పెడితే ఎవరూ జరగరు."

కొత్త పట్టిక చదివి వినిపించాక బండ్లన్నీ మళ్ళీ తోపు నీడకు చేరాయి. మామ బండి ఆ సాయంత్రమే కాటా ఎక్కింది. మెత్తబడిన కాయలు కొన్ని పక్కకు తీసేశారు గానీ, కాపు దక్కింది. లోపలి నుంచి వచ్చి ఆయన నా చెవి పట్టుకుని మెలేశాడు. "ఇది దాటేసి పోయిన దానికి," అన్నాడు. రెండో చెవి జోలికి పోలేదు. మా ఇంట్లో అది మెచ్చుకోలు.

పొద్దు వాలే వేళకు ఒక చిన్న పని మిగిలింది. మేనేజర్ గారు గోడ వెనక టీ తాగుతున్నారు, మైకు బల్ల మీద ఉంది. తీసుకున్నాను. పొద్దుటి కన్నా శ్రావ్యంగా, ఊరంతా వినబడేట్టు ప్రకటించాను.

"ఆఖరి బండి. మేనేజర్ గారి బావమరిది గారు. వారి వంతు అందరి తరువాత. ఎక్కడున్నా అక్కడే కూర్చోవలెను."

తోపులో నుంచి వచ్చిన ఆ నవ్వు కోసం మునెమ్మను ఇంకో పూట పిలవమన్నా పిలిచేవాణ్ణి. మునెమ్మ అయితే తన బస్సు చార్జీ సంగతే మరిచిపోయి నాకొక వక్కాకు చుట్టి ఇచ్చింది.

ఆ రోజే, మా మామ ఖాళీ ట్రాలీ మీద చెయ్యి వేసి, సుద్దముక్క సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ వరుసనూ పై నుంచి చెరపను. కింద నుంచే వస్తాను. కంప్యూటర్ తప్పదు అన్న మాట నోట రానివ్వను. ఒక్క మెతుకు చూసి వడ్డించను. ఇన్నేళ్ళుగా ఆ ప్రమాణం తప్పలేదు.

నడుమ దూర్చడం గురించి మాత్రం నేను ఏ ప్రమాణమూ చేయలేదు. తరువాత ఎన్నో ఆఫీసుల్లో, ఎంతోమంది మేనేజర్లు తలుపు దగ్గరికి వేసి అదే నవ్వుతో అడిగారు. లైబ్రరీలు కూడా ఎన్నో మారాయి, ఇప్పుడవి ఎన్ని వరుసలైనా ఎక్కడైనా దూరుస్తాయి. నేను మాత్రం మొహం వీలైనంత తెలివితక్కువగా పెట్టి ఒకే జవాబు చెబుతూ వచ్చాను.

"ఆ సదుపాయం ఈ లైబ్రరీలో లేదు సార్."